క్యాన్సర్ డాక్టర్‌ను ఎంచుకోవడం: ముందు ఎవరి దగ్గరికి, ఏ ఆసుపత్రికి, ఏమేం సరిచూసుకుని

రిపోర్టులో ఆ మాట కనబడగానే ఇంట్లో ఫోన్లు మొదలవుతాయి. బావమరిదికి తెలిసిన డాక్టర్ ఒకరు, పక్కింటివాళ్లు చూపించుకున్న ఆసుపత్రి ఒకటి, ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్పిన పేరు ఇంకొకటి. సాయంత్రానికి చేతిలో ఐదారు పేర్లుంటాయి. ప్రతి పేరు పక్కనా "చాలా పెద్ద డాక్టర్" అన్న మాటే. దేంట్లో పెద్ద అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ టెన్షన్‌లో చాలామంది చేసే పని, అందులో ఏదో ఒక పేరు పట్టుకుని అపాయింట్‌మెంట్ తీసుకోవడం. నన్నడిగితే పేరు చివర్లో తేల్చుకోవచ్చు. ముందు తేలాల్సినవి రెండు. ఈ జబ్బుకు మొదట చూపించాల్సింది ఏ రకం స్పెషలిస్టుకి? మిగతా రెండు రకాల స్పెషలిస్టులు కూడా అదే కప్పు కింద ఉన్న చోటు ఏది? ఆపరేషన్ చేసేవాళ్లు, మందులు ఇచ్చేవాళ్లు, రేడియేషన్ ఇచ్చేవాళ్లు రోగి ఫైలు ముందేసుకుని కలిసి మాట్లాడుకుంటే, దాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. ఆ బోర్డు నిజంగా కూర్చునే ఆసుపత్రిలో మధ్యస్థంగా పేరున్న డాక్టర్, ఒంటరిగా ప్రాక్టీసు చేసే పెద్ద పేరు కంటే నయం. ఈ వ్యాసమంతా ఆ కొలతతోనే నడుస్తుంది.

ముగ్గురిలో ముందు ఎవరు?

సర్జికల్ ఆంకాలజిస్టు ఆపరేషన్ చేస్తారు. మెడికల్ ఆంకాలజిస్టు కీమో, ఇమ్యునోథెరపీ, టార్గెటెడ్ మందులు, హార్మోన్ మాత్రలు చూస్తారు. ఊళ్లలో "కరెంటు పెట్టడం" అంటారే, అది రేడియేషన్ ఆంకాలజిస్టు పని. బోర్డు మీద ముగ్గురికీ "క్యాన్సర్ స్పెషలిస్ట్" అనే ఉంటుంది కాబట్టి తేడా బయటికి తెలియదు. పైగా మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో రేడియేషన్ ఆంకాలజిస్టులు కీమో కూడా ఇస్తారు. వాళ్ల చదువులో అది ఒక భాగమే, తప్పేమీ లేదు. కానీ మందులే ప్రధాన వైద్యమైన జబ్బుకు, ముఖ్యంగా రక్త క్యాన్సర్లకు, వాళ్ల మీదే ఆధారపడటం సరికాదు.

ఎవరి దగ్గరికి ముందు వెళ్లామన్న దాన్ని బట్టి వైద్యం వరస మారిపోయే ప్రమాదం ఉంది. నోటి క్యాన్సర్ సంగతి తేలిక. బుగ్గలోనో నాలుక మీదో పుండు, తీయడానికి వీలైన దశ అయితే సాధారణంగా ఆపరేషనే ముందు. అది తల, మెడ క్యాన్సర్లు చేసే సర్జన్ పని. రొమ్ము క్యాన్సర్‌లో అలా కాదు. గడ్డ పెద్దదైనా, చంకలో గ్రంథులకు పాకినా, హెర్2 పాజిటివ్ లేదా ట్రిపుల్ నెగటివ్ (ఇవి రొమ్ము క్యాన్సర్‌లో రకాలు) అని రిపోర్టు వచ్చినా చాలాసార్లు ముందు కీమో ఇచ్చి గడ్డ తగ్గాక ఆపరేషన్ చేస్తారు. ఈ సంగతి తేలకముందే సర్జన్ థియేటర్ డేట్ ఇచ్చేస్తే ఆ అవకాశం పోతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశ దాటితే అసలు వైద్యం రేడియేషన్, దానితో పాటు వారానికోసారి కీమో. అక్కడ గర్భసంచి తీసేయడం సరైన దారి కాదు. స్వరపేటిక క్యాన్సర్‌లో గొంతు తీసేయకుండా రేడియేషన్, కీమోతో మాట నిలుపుకునే వీలు కొందరికి ఉంటుంది. మలద్వారం దగ్గరి పేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ ముందే రేడియేషన్ అవసరమవడం మామూలే. ల్యుకేమియా, లింఫోమా, మైలోమా వంటివాటికి హెమటాలజిస్టు లేదా మెడికల్ ఆంకాలజిస్టు. పిల్లలకైతే పీడియాట్రిక్ ఆంకాలజీ విభాగం ఉన్న చోటికే తీసుకెళ్లాలి. పెద్దవాళ్ల డాక్టర్ సర్దుకుంటారులే అనుకోకూడదు.

ఇంకా పేరే పెట్టని గడ్డ ఉంటే? ఇక్కడే మన ఊళ్లలో ఎక్కువ నష్టం జరుగుతుంది. "చిన్న గడ్డే కదా, తీసేసి టెస్టుకు పంపిద్దాం" అని దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌లో కోయించేస్తారు. తర్వాత క్యాన్సర్ అని తేలితే అంచుల్లో ఎంత మిగిలిందో తెలియదు, కోత సరైన దిశలో పడి ఉండదు, రెండోసారి ఇంకా పెద్ద ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. ముందు లావు సూదితో ముక్క తీసి బయాప్సీకి పంపడం పద్ధతి. బయాప్సీ చేస్తే క్యాన్సర్ పాకిపోతుందన్న భయం ఇంటింటా ఉంది. ఆ భయంతో బయాప్సీ మానేసి నేరుగా గడ్డ కోయించుకోవడమే ఎక్కువ చేటు.

ఏ ఆసుపత్రి?

మన రెండు రాష్ట్రాల్లో ఉన్నవి మోటుగా నాలుగు రకాలు: ప్రభుత్వ క్యాన్సర్ సంస్థలు, లాభాపేక్ష లేని ట్రస్టు ఆసుపత్రులు, కార్పొరేట్ ఆసుపత్రులు, జిల్లా కేంద్రాల్లో చిన్న క్యాన్సర్ సెంటర్లు.

ప్రభుత్వం వైపు హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి అందరికీ తెలిసిందే. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద 1955లో మొదలైన ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం అది. పంజాగుట్ట నిమ్స్‌లో ఆంకాలజీ మూడు విభాగాలూ ఉన్నాయి. విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ముంబయి టాటా మెమోరియల్‌కు చెందినది. తిరుపతిలో స్విమ్స్ ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్ట్స్ కట్టించిన శ్రీవేంకటేశ్వర క్యాన్సర్ కేర్ సంస్థ ఉంది. గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ సెంటర్ 2020 నుంచి నడుస్తోంది. ట్రస్టు ఆసుపత్రుల్లో 2000లో మొదలైన హైదరాబాద్ బసవతారకం పెద్దది. రాష్ట్రం దాటి వెళ్లేవాళ్లలో నెల్లూరు, చిత్తూరు వైపువాళ్లకు చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, వేలూరు సీఎంసీ అలవాటైన దారులు. అనంతపురం వైపువాళ్లు బెంగళూరు కిద్వాయ్‌కి వెళ్తుంటారు.

పెద్ద ప్రభుత్వ, ట్రస్టు సంస్థల బలం ఏమిటంటే, ఒకే రకం జబ్బును రోజూ చూస్తుంటారు. ట్యూమర్ బోర్డు ఉంటుంది, పీజీ విద్యార్థులు ఉంటారు కాబట్టి ప్రతి కేసూ నలుగురి నోళ్లలో నానుతుంది. అనవసరమైన వైద్యం అంటగట్టే ఒత్తిడి తక్కువ. బాధ కూడా తెలిసిందే: పొద్దున్నే ఓపీ చీటీకి నిలబడాలి, స్కానింగ్‌కు డేట్ దూరంగా పడొచ్చు, ప్రతిసారీ అదే డాక్టర్ కనబడతారన్న హామీ లేదు. కార్పొరేట్‌లో ఇదంతా తిరగబడుతుంది. ఈ వారంలోనే పెట్ స్కాన్ అయిపోతుంది, డాక్టర్ ఫోన్లో దొరుకుతారు, కానీ బిల్లు ఎక్కడ ఆగుతుందో ముందు తెలియదు. "ప్యాకేజీ" అని చెప్పిన దాంట్లో ఏమేం కలవలేదో కాగితం మీద రాయించుకుంటే కొంత నయం. పోర్ట్ (కీమో ఎక్కించడానికి చర్మం కింద అమర్చేది) పెట్టడం, తెల్లకణాలు పడిపోతే ఇచ్చే ఇంజెక్షన్లు, మధ్యలో జ్వరం వచ్చి అడ్మిట్ అయితే అయ్యే ఖర్చు చాలా ప్యాకేజీల్లో ఉండవు.

జిల్లా సెంటర్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. నేను చూడను. రేడియేషన్ అంటే చాలాసార్లు వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు రోజూ వెళ్లి రావాలి. ముఖద్వార క్యాన్సర్‌లో మొత్తం రేడియేషన్ ఎనిమిది వారాల్లోపు పూర్తి కావాలన్నది నియమం, సాగదీస్తే ఫలితం తగ్గుతుంది. హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని, అక్కడ వండుకుంటూ, ఇక్కడ పొలం పాడు పెట్టుకుని, మూడో వారంలో "ఇక చాలు" అని ఇంటికొచ్చేసేవాళ్లున్నారు. ఒంగోలు మనిషికి ఒంగోలు దగ్గర్లోనే మంచి మెషీన్, అర్హత ఉన్న రేడియేషన్ ఆంకాలజిస్టు ఉంటే, అక్కడ పూర్తి చేసిన కోర్సు హైదరాబాద్‌లో సగంలో ఆపేసిన కోర్సు కంటే మేలు. ఒక్క ముఖద్వార క్యాన్సర్ విషయంలో మాత్రం అక్కడ బ్రాకీథెరపీ ఉందో లేదో అడగాలి. బయటినుంచి ఇచ్చే రేడియేషన్‌కు తోడు లోపల పెట్టి ఇచ్చే ఆ వైద్యం తప్పనిసరి, అది అన్ని చోట్లా ఉండదు. అరుదైన సార్కోమాలు, పిల్లల క్యాన్సర్లు, బోన్ మ్యారో మార్పిడి, కష్టమైన లివర్, పాంక్రియాస్ ఆపరేషన్లకు మాత్రం దూరమైనా పెద్ద సెంటర్‌కే వెళ్లాలి.

రెండిటినీ కలపడం కూడా కుదురుతుంది. పెద్ద సంస్థలో ప్లాన్ రాయించుకుని, ఆపరేషన్ అక్కడ చేయించుకుని, కీమో ఇంటి దగ్గర ఎక్కించుకునేవాళ్లు చాలామంది. పెద్ద సంస్థలు కూడా దీనికి ఒప్పుకుంటాయి, అడిగితే లెటర్ రాసిస్తాయి. దేశంలో 2012 నుంచి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ అనే ఏర్పాటు ఉంది, టాటా మెమోరియల్ దానికి కేంద్రం. ఒకే జబ్బుకు ఊరూరా ఒకే పద్ధతి వైద్యం అందాలన్నది దాని ఉద్దేశం. దగ్గర్లోని సెంటర్ అందులో సభ్యత్వం ఉన్నదేనా అని అడగడం మంచి మొదటి ప్రశ్న.

లెటర్‌హెడ్ చదవడం

ఇప్పుడు డాక్టర్ పేరు దగ్గరికి వద్దాం. ఒక ప్రిస్క్రిప్షన్ కాగితం పైభాగం ఇలా ఉందనుకోండి: ఎంబీబీఎస్, ఎంఎస్, ఎఫ్‌ఐఏజీఈఎస్, ఎఫ్‌ఎంఏఎస్, ఫెలోషిప్ ఇన్ ఆంకాలజీ, కన్సల్టెంట్ క్యాన్సర్ సర్జన్. కింద రెండు ఆసుపత్రుల పేర్లు, మూడు ఫోన్ నంబర్లు. అక్షరాలు చాలా కనిపిస్తున్నాయి గానీ క్యాన్సర్ సర్జరీ డిగ్రీ ఇందులో ఒక్కటీ లేదు. ఎంఎస్ అంటే జనరల్ సర్జన్. తర్వాతి రెండూ లాప్రోస్కోపీకి సంబంధించిన చిన్న ఫెలోషిప్‌లు. "ఫెలోషిప్ ఇన్ ఆంకాలజీ" ఎక్కడ, ఎన్నాళ్లు చేశారో రాయలేదు. "కన్సల్టెంట్" ఒక హోదా, డిగ్రీ కాదు. ఈ డాక్టర్ మంచి సర్జన్ కావచ్చు, గాల్‌బ్లాడర్ ఆపరేషన్ బ్రహ్మాండంగా చేయవచ్చు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు నేను మాత్రం వేరే చోట చూస్తాను.

చూడాల్సిన అక్షరాలు తక్కువే. సర్జికల్ ఆంకాలజిస్టుకు ఎంఎస్ తర్వాత మూడేళ్ల ఎంసీహెచ్ ఉంటుంది, లేదా నేషనల్ బోర్డు వారి డీఎన్‌బీ. మెడికల్ ఆంకాలజిస్టుకు ఎండీ తర్వాత మూడేళ్ల డీఎం లేదా డీఎన్‌బీ. ఈ సూపర్ స్పెషాలిటీ డీఎన్‌బీనే ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు. రేడియేషన్ ఆంకాలజిస్టుకు ఎండీ లేదా డీఎన్‌బీ రేడియేషన్ ఆంకాలజీ, పాతవాళ్లకు ఎండీ రేడియోథెరపీ అని ఉంటుంది. వాళ్లకు డీఎం లేదని అనుమానపడక్కర్లేదు, వాళ్ల స్పెషాలిటీ ఎండీ స్థాయిలోనే ఉంది. సీట్లు తక్కువగా ఉన్న రోజుల్లో ఎంఎస్ చేసి పెద్ద క్యాన్సర్ సంస్థలో ఏళ్ల తరబడి పనిచేసి ఎదిగిన సీనియర్ సర్జన్లు కూడా ఉన్నారు. వాళ్ల విషయంలో డిగ్రీ కంటే ఆ సంస్థలో చేసిన సర్వీసు చూడాలి. విదేశీ సంఘాల సభ్యత్వాలు, ఈఎస్‌ఎంఓ (యూరప్‌లోని మెడికల్ ఆంకాలజీ సంఘం) లాంటివి, చందా కట్టి చేరేవే. వాటికి విలువ లేదనను, అవి చదువు మాత్రం కాదు.

2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం డాక్టర్ తన రిజిస్ట్రేషన్ నంబరును ప్రిస్క్రిప్షన్ మీదా, రసీదుల మీదా వేయాలి. అది కనబడకపోతే రిసెప్షన్‌లో అడగండి. "సార్ రిజిస్ట్రేషన్ నంబర్ ఇస్తారా, ఇన్సూరెన్స్‌వాళ్లు అడుగుతున్నారు" అంటే ఎవరూ ముఖం చిట్లించరు. ఆ నంబరుతో నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ తెరిచి వెతకవచ్చు. పేరు, తండ్రి పేరు, రిజిస్ట్రేషన్ ఏడాది, ఏ రాష్ట్ర కౌన్సిల్, ఏ యూనివర్సిటీ, ఏ డిగ్రీ అన్నవి వస్తాయి. పేరుతో వెతికితే మన దగ్గర శ్రీనివాసులూ వెంకటేశ్వర్లూ వరసగా దిగుతారు, కాబట్టి నంబరే దారి. 2014లో రాష్ట్రం విడిపోకముందు రిజిస్టరైనవాళ్ల నంబరు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌దే అయివుంటుంది. హైదరాబాద్ డాక్టర్‌కు ఏపీ నంబరేమిటని కంగారుపడొద్దు. డీఎం, ఎంసీహెచ్ లాంటి పై డిగ్రీలు జాతీయ రిజిస్టర్‌లో ఒక్కోసారి కనిపించవు. అప్పుడు రాష్ట్ర కౌన్సిల్‌లో సరిచూసుకోవాలి. అక్కడా లేకపోతే డాక్టర్‌నే మర్యాదగా అడగవచ్చు. నిజంగా చదివినవాళ్లు ఏ కాలేజీలో, ఏ ఏడాది అన్నది ఠక్కున చెప్తారు.

ఏ ఆయుర్వేద, హోమియో, మూలికా కేంద్రమైనా "క్యాన్సర్ పూర్తిగా నయం చేస్తాం" అని ప్రకటన ఇస్తే అక్కడితో ఆగిపోండి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం క్యాన్సర్‌కు అలాంటి ప్రకటనలను నిషేధించింది. చట్టం నిషేధించిన పనిని హోర్డింగ్ మీద చేసేవాళ్లు మీ మనిషిని జాగ్రత్తగా చూస్తారని అనుకోలేం.

అడ్రస్, టైమింగ్స్, ఫోన్ నంబరు

ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ ఊరినుంచి పేషెంటును కారులో పడుకోబెట్టుకుని వెళ్లేవాళ్లకు ఇదే పెద్దది. మన దగ్గర క్యాన్సర్ డాక్టర్లు తరచూ ఆసుపత్రులు మారుతుంటారు. గూగుల్ మ్యాప్స్‌లో, డాక్టర్ల లిస్టింగ్ యాప్‌లలో పాత ఆసుపత్రి పేరు అలాగే ఉండిపోతుంది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే కాల్ సెంటర్ అమ్మాయి "ఆ సార్ ఇక్కడ లేరండీ, ఇంకో సీనియర్ సార్ ఉన్నారు, అపాయింట్‌మెంట్ ఇవ్వమంటారా" అంటుంది. కొన్నిసార్లు లేరన్న మాట కూడా చెప్పకుండానే బుక్ చేస్తారు. అందుకని ఫోన్‌లో ఇలా అడగండి: "ఫలానా డాక్టర్ గారు ఈ బ్రాంచ్‌లో ఏయే రోజులు, ఏ టైమ్‌కు చూస్తారు? ఈ గురువారం ఆయనే ఉంటారా, అసిస్టెంట్ చూస్తారా?" బ్రాంచ్ అన్న మాట వదలొద్దు. ఒకే పేరుతో నగరంలో మూడు నాలుగు చోట్ల ఉండే ఆసుపత్రులున్నాయి. ఒకచోట ఓపీ, ఇంకోచోట ఆపరేషన్, రేడియేషన్ మెషీన్ మరోచోట.

జిల్లాల్లో ఇంకో రకం ఉంది. ఖమ్మం, కరీంనగర్, నెల్లూరు, విజయనగరం లాంటి పట్టణాల్లో నెలకు ఒకటి రెండు ఆదివారాలు హైదరాబాద్ లేదా విశాఖ డాక్టర్ "విజిటింగ్" వస్తారు. ఫాలోఅప్‌కు ఇది నిజంగా సౌకర్యం, ప్రయాణం తప్పుతుంది. అదే డాక్టర్ దగ్గర కీమో నడుస్తుంటే మాత్రం ఒక ప్రశ్న తేల్చుకోవాలి: బుధవారం రాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఎక్కడ అడ్మిట్ కావాలి? కీమో నడుస్తున్నప్పుడు జ్వరం అంటే ఆదివారం దాకా ఆగేది కాదు, అది ఎమర్జెన్సీ. దీనికి స్పష్టమైన జవాబు లేని చోట కీమో మొదలుపెట్టకండి.

ఆర్‌ఎంపీ గారు చెప్పిన పేరు గురించి ఒక మాట. చాలామంది ఆర్‌ఎంపీలు మంచి మనసుతోనే చెప్తారు. కానీ పేషెంటును పంపినందుకు కమీషన్ ఇచ్చే అలవాటు ఉందన్నది అందరికీ తెలిసిన రహస్యం. డాక్టర్లు అలా ఇవ్వడాన్నీ పుచ్చుకోవడాన్నీ వైద్యుల నియమావళి నిషేధించింది. అంబులెన్స్ ఆయనే పిలిచి, ఆసుపత్రి ఆయనే నిర్ణయిస్తే, ఆ పేరును మిగతా పేర్లతో సమానంగా సరిచూడండి, అంతకంటే ఎక్కువ నమ్మొద్దు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి అమ్మానాన్నల కోసం వెతికేవాళ్లు ఎక్కువగా ఆన్‌లైన్ రేటింగ్‌లు చూస్తారు. ఆ రేటింగ్‌లలో పార్కింగ్, రిసెప్షన్, డాక్టర్ నవ్వుతూ మాట్లాడటం గురించి ఉంటుంది. వైద్యం ఫలితం తెలియడానికి ఏళ్లు పడుతుంది, నక్షత్రాలేమో అదే రోజు సాయంత్రం పడతాయి. నేనైతే ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ల మాటలు మాత్రం చదువుతాను. వాటిలో "చెప్పిన దానికంటే బిల్లు వేరు", "సార్ బదులు వేరేవాళ్లు చూశారు" అన్నవి పదేపదే వస్తే అది పనికొచ్చే సమాచారం.

ఆసుపత్రి కాగితాలు

రేడియేషన్ మెషీన్ నడపాలంటే ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి, లైసెన్స్ ఉండాలి. మెడికల్ ఫిజిసిస్టు, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉందా, పాథాలజీ ల్యాబ్‌కు అలాంటిదే అయిన ఎన్‌ఏబీఎల్ ఉందా అన్నవి గోడ మీద కనిపిస్తాయి. చెల్లుబాటు తేదీ మాత్రం చదవండి. ఇవి ఉన్నంత మాత్రాన వైద్యం గొప్పదని కాదు, లేకపోతే మాత్రం ఎందుకు లేవో అడగాలి.

ఆరోగ్యశ్రీ గురించి కాస్త ఆగి చెప్పాలి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. చాలామంది "ఈ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ ఉందా" అని అడిగి, ఉందనగానే చేరిపోతారు. ఆసుపత్రికి అనుమతి విభాగాలవారీగా ఉంటుంది. సర్జికల్ ఆంకాలజీకి ఉండి రేడియేషన్‌కు లేకపోవచ్చు. అప్పుడు ఆపరేషన్ ఉచితంగా అయ్యాక రేడియేషన్‌కు సొంత డబ్బు పెట్టడమో, ఇంకో ఆసుపత్రికి పరుగెత్తడమో అవుతుంది. నోటి క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత అవసరమైన రేడియేషన్ ఆరు వారాల్లోపు మొదలుకావాలి, ఆ పరుగులోనే ఆ సమయం కరిగిపోతుంది. కాబట్టి ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర మూడు విభాగాల పేర్లూ విడివిడిగా చెప్పి అడగండి. డాక్టర్ రాసిన ప్రతి మందూ పథకంలో ఉండదు, కొన్ని ఖరీదైన టార్గెటెడ్ మందులు బయటే కొనాలి. అది కూడా ముందే తెలుసుకోవాలి.

ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంటే టీపీఏ (ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే సంస్థ) డెస్క్‌లో ఇవే ప్రశ్నలు, దానికి తోడు నోటితో వేసుకునే కీమో మాత్రలకు డబ్బు వస్తుందా అన్నది.

డాక్టర్ ఎదురుగా కూర్చున్నాక

సమయం తక్కువ ఉంటుంది. ముందే కాగితం మీద రాసుకెళ్లండి, ఇద్దరు వెళ్లండి, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు రాసుకుంటారు. ఏ దశ, ఎలా నిర్ధారించారు? వైద్యం ఉద్దేశం జబ్బు పూర్తిగా పోగొట్టడమా, అదుపులో ఉంచడమా? ఈ కేసును ట్యూమర్ బోర్డులో పెట్టారా, పెడతారా? ఇలాంటి ఆపరేషన్లు మీరు తరచూ చేస్తారా? రెండో ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే డాక్టర్లు తక్కువ. దానికి కారణం చాలాసార్లు కుటుంబాలే, "పేషెంటుకు చెప్పొద్దు సార్" అని ముందే చెవిలో వేస్తాయి కాబట్టి. కుటుంబంలో కనీసం ఒకరికైనా నిజం పూర్తిగా తెలియాలి. లేకపోతే నయమయ్యే అవకాశమే లేని చోట ఇల్లు అమ్మి కీమో ఎక్కిస్తారు. అలాంటి దశలో నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్ అసలు వైద్యం. ఎం.ఎన్.జె.లో ఆ విభాగం చాలా ఏళ్లుగా ఉంది. మీరు చూస్తున్న ఆసుపత్రిలో ఉందా అని అడగండి, ముఖం ఎలా పెడతారో చూడండి.

రెండో అభిప్రాయం తీసుకుంటాను అంటే చిరాకుపడే డాక్టర్ దగ్గర వైద్యం మొదలుపెట్టకపోవడం మంచిది. గడ్డలుగా వచ్చే క్యాన్సర్లలో చాలావాటికి వారం పది రోజులు ఆగడం వల్ల నష్టం ఉండదు. అక్యూట్ ల్యుకేమియాలో మాత్రం ఆగే పని లేదు. ఊపిరాడకపోవడం, కాళ్లు చచ్చుబడటం, ఆగని రక్తస్రావం ఉన్నా అంతే. ఇంటినుంచి కదలకుండా అభిప్రాయం కావాలంటే టాటా మెమోరియల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణులు "నవ్య" అనే ఆన్‌లైన్ సేవ ద్వారా రిపోర్టులు చూసి రాతపూర్వకంగా చెప్తారు.

రెండో చోటికి వెళ్లేటప్పుడు అందరూ మరిచిపోయేది బ్లాకులు. బయాప్సీలో తీసిన ముక్కను మైనంలో పెట్టి, వేలిముద్ర సైజు ప్లాస్టిక్ పెట్టెలో దాస్తారు. అంచు మీద పెన్సిల్‌తోనో ప్రింట్‌తోనో ఒక నంబరు ఉంటుంది. దాన్నే బ్లాకు అంటారు. ఆ నంబరూ మీ రిపోర్టు మీది నంబరూ ఒకటేనా అని చూసి తీసుకోవాలి. కొత్త ఆసుపత్రి పాథాలజిస్టు ఆ బ్లాకునుంచి మళ్లీ స్లైడ్ కోసి చూస్తారు, కణాల మీది గుర్తులు చూసే ఐహెచ్‌సీ పరీక్షలు అవసరమైతే చేస్తారు. రొమ్ము క్యాన్సర్‌లో ఈఆర్, పీఆర్ (ఈ రెండూ హార్మోన్ గుర్తులు), హెర్2 ఫలితం మారితే వైద్యమే మారిపోతుంది. ల్యాబ్‌వాళ్లు "రిపోర్టు ఇచ్చాం కదా" అంటే, బ్లాకు, స్లైడ్లు కావాలని దరఖాస్తు రాసివ్వండి. ఇచ్చేస్తారు. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని నియమావళి చెప్తోంది. స్కాన్‌లకు ఫిల్మ్ సరిపోదు, సీడీ లేదా లింకు తీసుకోండి.

డాక్టర్ మధ్యలో ఆసుపత్రి మారితే

ఇది జరుగుతూనే ఉంటుంది. నాలుగో కీమో అయ్యాక "సార్ వేరే ఆసుపత్రికి వెళ్లిపోయారు" అంటారు, ఆ రాత్రే సార్ దగ్గరి కోఆర్డినేటర్ ఫోన్ చేసి కొత్త చోటికి రమ్మంటారు. కీమో మాత్రమే మిగిలివుంటే వెళ్లొచ్చు. వెళ్లేముందు పథకం గానీ ఇన్సూరెన్స్ గానీ కొత్త చోట కొనసాగుతుందా, మధ్యలో మార్చుకోవడానికి కొత్త అనుమతి కావాలా అన్నది ఆరోగ్యమిత్రను అడగాలి. ఇప్పటిదాకా ఇచ్చిన మందుల పేర్లు, మోతాదు, తేదీలు, ప్రతి సైకిల్ తర్వాత రక్తపరీక్షలు అన్నీ ఉన్న సమ్మరీ తీసుకోవాలి. రేడియేషన్ నడుస్తుంటే మాత్రం డాక్టర్ కోసం మెషీన్ మారొద్దు. ప్లాన్ అంతా ఆ మెషీన్ మీద, మీ మనిషి కదలకుండా ఉండేందుకు వేసిన ఆ మాస్కు మీద లెక్కగట్టింది. కొత్త చోట మళ్లీ మొదటినుంచి ప్లాన్ చేయాలి, మధ్యలో రోజులు పోతాయి. ఆ కోర్సు అక్కడే ముగించి, ఎన్ని గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), ఎన్ని సిట్టింగులు, ఏ భాగానికి అన్నది రాసిన రేడియేషన్ సమ్మరీ చేతికి తీసుకుని, ఆ తర్వాతి ఫాలోఅప్‌కు కావాలంటే పాత డాక్టర్ దగ్గరికే వెళ్లండి.